ఆర్‌బీఐ పోర్టల్‌లో ఫిర్యాదు తిరిగొచ్చిందా?

లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు కట్టేశాక కూడా ఫైన్ వేశారని, మీ కాంటాక్టులకి ఫోన్లు చేశారని, ఆర్‌బీఐకి ఫిర్యాదు చేస్తే తిరిగొచ్చిందని రాశారు. మీరు ముందుగా రాసింది యాప్ కస్టమర్ కేర్‌కి. అప్పిచ్చింది యాప్ కాదు, దాని వెనకున్న ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాకుండా అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ. ముందు రాయాల్సింది ఆ కంపెనీకి. కట్టేసిన లోన్‌కి ఫైన్ వేశారన్న మీ ఫిర్యాదుని అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అధికారి) తిప్పి పంపింది బహుశా అందుకే.

1. లోన్ అప్పుడొచ్చిన కేఎఫ్‌ఎస్ (లోన్ ముఖ్య వివరాల పత్రం), శాంక్షన్ లెటర్ (లోన్ మంజూరు లేఖ) తెరవండి. కంపెనీ పేరు, అక్కడ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ వాటిలో ఉంటాయి.

2. ఆ ఆఫీసర్‌కే మెయిల్ పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. పలాసలో మా బావ యాప్ చాట్ స్క్రీన్‌షాట్లు పదకొండు దాచాడు, కంపెనీకి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నెల పోయింది.

3. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ మెయిల్ కాపీతో సీఎంఎస్ పోర్టల్‌లో, అంటే ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో, మళ్లీ వేయండి. ఫీజు లేదు, శ్రీకాకుళం నుంచి ఎక్కడికీ తిరగక్కర్లేదు.

మీ కాంటాక్టులకి ఫోన్లు వెళ్లాయన్నారుగా, అదీ రాయండి. యాప్‌లు కాంటాక్ట్ లిస్టు తీసుకోకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది.