ఇస్రోలో చేరాలంటే ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇస్రోలో పనిచేయాలని పట్టుదల. తిరువనంతపురం ఐఐఎస్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పేస్ సైన్స్ అండ్ టెక్నాలజీ)లో ఏరోస్పేస్ చదివితే నేరుగా ఉద్యోగం ఇస్తారంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: నేరుగా ఇవ్వరండీ. అయితే ఆ మాట ఊరికే పుట్టలేదు. తనకు కావలసిన ఇంజినీర్లను తానే తయారుచేసుకోవాలని కేంద్ర అంతరిక్ష శాఖ 2007లో ఐఐఎస్‌టీని పెట్టింది. అబ్దుల్ కలాం తొలి ఛాన్సలర్. మొదట ఇస్రోకే చెందిన విక్రమ్ సారాభాయ్ కేంద్రం ఆవరణలో నడిచి, 2010లో వలియమలకు మారింది. పక్కనే ద్రవ ఇంధన ఇంజిన్లు రూపొందించే ఇస్రో కేంద్రం ఎల్‌పీఎస్‌సీ ఉంది.

ఉద్యోగానికి రెండు షరతులు. కోర్సు ముగిసేసరికి సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు, పదికి) 7.5 ఉండాలి, ఇస్రోలో ఖాళీలూ ఉండాలి. రెండోది మన చేతిలో లేదు. మొదటిది చాలామందికి మొదటి ఏడాదిలోనే జారిపోతుంది. తొలి రెండు సెమిస్టర్లలో సగటు 6.5 వస్తే, అన్నిటికీ క్రెడిట్లు సమానమనుకున్నా, మిగతా ఆరింటిలో సగటున 7.83 తెచ్చుకోవాలి. ఆ ఆరింటిలోనే ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్, ఫ్లైట్ డైనమిక్స్ వంటి బరువైన సబ్జెక్టులు ఉంటాయి. వాటన్నిటికీ పునాది డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్. జేఈఈ అయిపోయిందని లెక్కలు పక్కనపెట్టిన పిల్లలు ఇక్కడే ఇబ్బంది పడతారు.

సీటు విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి. ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ఆధారంగానే అయినా, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఇది ఉండదు. ఐఐఎస్‌టీ వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. మంచి ర్యాంకు ఉండి కూడా గడువు దాటించేసేవాళ్లున్నారు. ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) నిబంధననూ ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

అక్కడ సీటు రాకపోతే, ఏరోస్పేస్ పేరు కోసం ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేర్చకండి. ఇస్రో కేంద్రీకృత నియామక ప్రకటనలు ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వారికే. వాటిలో ఇచ్చే అర్హత సాధారణంగా 65 శాతం లేదా 6.84 సీజీపీఏ. మంచి కాలేజీలో మెకానికల్ చదివితే ఆ దారి తెరిచే ఉంటుంది.

అబ్బాయికి రాకెట్ల కన్నా విమానాలంటే ఇష్టమైతే లెక్క వేరు. సొంత రన్‌వే, ఫ్లైట్ ల్యాబ్ ఉన్న ఐఐటీ కాన్పూర్‌ను, మద్రాస్, బాంబే, ఖరగ్‌పూర్ ఐఐటీల ఏరోస్పేస్‌ను ముందు వరుసలో పెట్టుకోండి. ఆ తర్వాత ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఏరోస్పేస్ పేపర్ రాస్తే, బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో 1942లో మొదలైన ఏరోస్పేస్ విభాగంలో ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు.