డేటింగ్ ఖర్చులకు హార్మోన్లే కారణమా?

జోడీ కోసం వెతికేటప్పుడు మనిషి స్తోమతకు మించిన వాచీలు, బట్టలు, కానుకలు కొనడానికి హార్మోన్లే కారణమా అన్నది ప్రశ్న. కొంతవరకే కారణమని నా అభిప్రాయం.

చెప్పుకోదగ్గ ఆధారం పురుషులలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ గురించి ఉంది. 2018లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో 243 మంది పురుషులలో కొందరికి టెస్టోస్టిరాన్ జెల్, మిగిలినవారికి మందు లేని జెల్ ఇచ్చి, ఎవరికి ఏది అందిందో తెలియనివ్వకుండా, రెండేసి బ్రాండ్లను చూపి ఏది నచ్చిందో అడిగితే, హార్మోన్ అందినవారు హోదాను చాటే బ్రాండు వైపే ఎక్కువగా మొగ్గారు. విశేషమేమిటంటే, వస్తువును నాణ్యమైనదని వర్ణించినప్పుడు మాత్రం ఆ తేడా కనిపించలేదు. అంటే ఆ ఆరాటం వస్తువు కోసం కాదు, నలుగురిలో గొప్పగా కనిపించడం కోసం.

ప్రభావం తిరుగుదిశలోనూ నడుస్తుంది. కెనడాలోని మాంట్రియల్‌లో 39 మంది యువకుల చేత ఒకసారి పోర్షే కారును, మరోసారి పాత టయోటా క్యామ్రీని నడిపించి లాలాజలం పరీక్షించగా, పోర్షే నడిపాక టెస్టోస్టిరాన్ పెరిగింది.

అండం విడుదలయ్యే రోజుల్లో స్త్రీలు ఆకర్షణీయమైన దుస్తులే కొంటారన్న వాదన బాగా ప్రచారమైనా, అది ఇప్పటికీ వివాదాస్పదమే. ఇక ఫెరోమోన్ అంటే ఒక జీవి విడుదల చేసి, అదే జాతి జీవుల ప్రవర్తనను మార్చే రసాయనం; అవతలివారిని వలలో వేస్తాయంటూ అమ్మే ఫెరోమోన్ సెంట్ల సంగతికొస్తే, మనుషులలో అటువంటి రసాయనం ఉన్నట్టే ఇంతవరకు నిర్ధారణ కాలేదు.