ఎండాకులకు రంగు వేసి, పచ్చి మొక్కలతో కలిపి నాలుగడుగుల పూల శిల్పం: రంగు కారకుండా, బూజు పట్టకుండా ఎలా?

గృహప్రవేశానికి తాటాకులు, రావాకులు రంగులేసి, చామంతులు, ఆర్కిడ్లు కలిపి పెట్టానని మీరు ఉత్తరంలో అన్నారు. సాయంత్రానికే రంగు కారి తెల్ల చామంతుల మీద పడిందనీ, మూడో రోజుకు తాటాకు కాడలకు బూజు వచ్చిందనీ, అమరిక ఒక పక్కకు ఒరిగిందనీ రాశారు. మొదటి రెండింటికీ ముఖ్య కారణం ఒక్కటే. ఎండాకునూ పచ్చి పువ్వునూ ఒకే తడి ఫోమ్‌లో (పూలు గుచ్చడానికి వాడే, నీళ్లు పీల్చుకునే మెత్తటి దిమ్మ) గుచ్చారు. వత్తి నూనె పీల్చినట్టు ఎండిన కాడ నీళ్లు పైకి లాక్కుంటుంది. లోపల్నుంచి తడిసిన ఆకు మీద రంగు నిలవదు, కాడ మొదట్లో బూజు పుడుతుంది. కాబట్టి ఎండు భాగానికి నీటి చుక్క తగలకూడదు, పచ్చి భాగానికి దాని నీళ్లు దానికే విడిగా ఉండాలి. ఈ రెంటినీ రెండు వేరు పనులుగా చేసి, చివర్లో కలపండి.

ముందు ఆకులు. మన దగ్గర శిల్పంలా నిలబడేవి తాటాకు, కొబ్బరి గెలను కప్పి ఉండి ఎండి రాలే పడవలాంటి డొప్ప, పోక మట్ట, బాదం ఆకు, పనసాకు, రబ్బరు మొక్క ఆకు, నర్సరీ సైకస్ మట్టలు. మామిడాకు పలచన, ఎండితే పెళుసు, చిన్న పనులకే పనికొస్తుంది. శేషాచలం కొండల్లోంచి ఆకులు, కాయలు తెచ్చుకోవచ్చా అని అడిగారు, తేవద్దు. ఆ కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోంచి ఏదీ సేకరించకూడదు. ముఖ్యంగా ఆ కొండల్లో పెరిగే పేరీత చూడ్డానికి మన నర్సరీ సైకస్‌లాగే ఉంటుంది, కానీ ఆ కొండలకే పరిమితమైన జాతి, అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉన్న జాబితాలో ఉంది. ఎర్రచందనం కాయలు గుండ్రంగా, అంచు రెక్కతో అందంగా ఉంటాయి గానీ వాటి జోలికీ వద్దు. రోడ్డు పక్క, పెరట్లో రాలినవి చాలు.

ఎండబెట్టడం నీడలోనే. నేరుగా ఎండలో పెడితే ఆకు ముడుచుకుని పెళుసుబారుతుంది. చదునుగా కావాలంటే పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు ఉంచి, మొదటి వారం రెండు రోజులకోసారి పేపర్లు మార్చండి. వేసవిలో పది రోజుల్లో అయిపోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో మూడు వారాలైనా పట్టొచ్చు. విరిస్తే చిటుక్కుమనాలి, వంగిందంటే లోపల తేమ ఉన్నట్టే. సగం ఎండిన ఆకుకు రంగేస్తే ఆ తేమ బయటికి రాలేక రంగు కింద బూజుగా మారుతుంది.

తాటాకును వంకర తిప్పడానికి ఒక సులువుంది. బాగా ఎండినదాన్ని గంటా రెండు గంటలు నీళ్లలో నానబెడితే తోలులా మెత్తబడుతుంది. కావలసిన వంపు పెట్టి, బట్టల క్లిప్పులతో పట్టించి, రెండు మూడు రోజులు గాలికి ఆరనిస్తే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. రావాకు జాలీ, అంటే ఈనెల వల మాత్రమే మిగిలిన ఆకు, కావాలంటే బకెట్ నీళ్లలో ముంచి మూడు నాలుగు వారాలు ఉంచండి. నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో గుజ్జు తీసేయండి. కంపు కొడుతుంది, మేడ మీద పెట్టుకోండి.

గ్లిజరిన్ గురించి కూడా అడిగారు. ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల వేడినీళ్లు కలిపి, ముదురు పచ్చి కొమ్మ కాడ చితక్కొట్టి అందులో నిలబెడితే ఆకు మెత్తగా, గోధుమ రంగులో నిలిచిపోతుంది. కానీ దానిమీద రంగు పట్టదు, వానాకాలంలో చెమటలు పడుతుంది. గ్లిజరిన్ ఆకును దాని సహజ రంగులోనే వాడండి. ఇక తిరుపతిలోని సిట్రస్ పరిశోధన కేంద్రంలో స్వామివారి పూలతో చేసే పటాలు చూసి అలా చేద్దామనుకుంటున్నారేమో, అవి చదునుగా నొక్కి ఫ్రేములో బిగించేవి. మీది గాలికి తెరిచి ఉండే పని, జాగ్రత్తలు వేరు.

రంగు కారడానికి ఇంకో కారణం మీరు వాడిన పోస్టర్ కలర్. అది ఆరాక కూడా నీళ్లకు కరుగుతుంది. అక్రిలిక్ తీసుకోండి. దానికంటే ముందు ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి, ఆకుకు రెండు వైపులా పలచగా పూసి రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఇది ఆకు రంధ్రాలు మూసి రంగు పీల్చుకోకుండా ఆపుతుంది. తర్వాత అక్రిలిక్ రెండు పలచటి పూతలు, అవి కూడా రెండు వైపులా. ఒక వైపే వేస్తే పూత ఆరుతూ బిగుసుకుని ఆకును ఆ వైపుకు లాగేస్తుంది. వంపు కావాలనుకున్నప్పుడు మాత్రం కావాలనే ఒక వైపు ముందు వేయొచ్చు.

ఆకునంతా బంగారు స్ప్రేతో ముంచెత్తడం నాకు నచ్చదు. ప్లాస్టిక్ ఆకులా కనబడుతుంది, ఇంత కష్టపడి ఎండబెట్టింది ఎందుకు మరి? తాటాకుకు ముందు ముదురు మెరూన్ వేయండి. ఆరాక బ్రష్‌ను రాగి రంగులో అద్ది, పేపరు మీద తుడిచి, దాదాపు పొడిగా అయ్యాక మడతల అంచుల మీద మాత్రం అడ్డంగా తేలిగ్గా లాగండి. మడత లోపల మెరూన్ అలాగే ఉండి, అంచు మీద సన్నటి రాగి గీత మెరుస్తుంది. అదే బ్రష్ తడిగా ఉంటే రంగు మడతల్లోకి దిగి అంతా ఒకటే ముద్దవుతుంది.

పైన క్లియర్ వార్నిష్ స్ప్రే చేసేటప్పుడు డబ్బాను పది పన్నెండు అంగుళాల దూరంలో పట్టుకుని, చేతిని ఆపకుండా కదుపుతూ పలచటి పొరలు వేయండి. వాన పడే రోజు వద్దు. స్ప్రేలోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు ఆకు చల్లబడి గాలిలో తేమ దానిమీదకు దిగుతుంది, పూత పాలమీగడలా తెల్లగా మసకబారుతుంది.

ఒరగడం బరువు సమస్య. నాలుగడుగుల ఎత్తుకు అడుగు భాగం పదహారు అంగుళాల వెడల్పైనా ఉండాలి. ఒకటిన్నర అంగుళం మందం సరుగుడు కర్రను అంత వెడల్పున్న టబ్బులో నిలబెట్టి, ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి పోసి, రెండు రోజులు కదపకండి. బరువైన అడుగు వస్తుంది. కర్ర నుంచి లావుపాటి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగతో కొమ్మలు తీయండి, ఆకులకు సన్న తీగ చాలు. ఆకు వెనక నడి ఈనె వెంట తీగ పెట్టి, మీద సన్న ఆకు ముక్క అంటించండి. హాట్ గ్లూ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎండలో నిలిపిన కారులోనో ఫోకస్ లైటు కిందో అది మెత్తబడుతుంది, బైండింగ్ వైరుతో ఒక చుట్టు తప్పనిసరి. ఎంత వంపు తిప్పినా శిఖరం కొస అడుగు పరిధి దాటి బయటికి పోకూడదు.

పచ్చివాటికి రబ్బరు మూత ఉన్న చిన్న నీటి ట్యూబులు వాడండి. ఆంథూరియం, ఆర్కిడ్ కాడలు అందులో పెట్టి, ట్యూబు నోరు పైకి ఉండేలా ఆకుల వెనక తీగకు కట్టేయండి. పక్కకు వంచితే కారుతుంది. రోజూ ఉదయం సిరంజితో నీళ్లు నింపాలి. కుప్పం వైపు నుంచి వచ్చే చామంతులకు ట్యూబు చాలదు. అడుగున వెడల్పు గిన్నె పెట్టి, అందులో కోళ్ల జాలీ ఉండలా చుట్టి దానికి గుచ్చండి. ఫోమే కావాలంటే నీళ్ల మీద వదలండి, దానంతట అదే మునగాలి. చేత్తో అదిమితే మధ్యలో గాలి ఇరుక్కుని అక్కడ గుచ్చిన పువ్వు గంటల్లో వాడిపోతుంది. ఒకసారి ఆరిన ఫోమ్ మళ్లీ సరిగా తడవదు. దాని పొడి మట్టిలో కలవదు, కాలువలో కడగకండి. ఈ గిన్నె అమరికలో అన్నిటికంటే కింద ఉండాలి, ఎండాకు ఏదీ దాని అంచు తాకకూడదు.

పువ్వుల నీళ్లకు లీటరుకు ఒక టేబుల్ స్పూను చక్కెర, రెండు టీ స్పూన్ల నిమ్మరసం, ఒక టీ స్పూను బ్లీచ్ ద్రావణం కలపండి. కాడ ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయాలి. ఆంథూరియం, ఆర్కిడ్లు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి నల్లబడతాయి. మొక్కల్లో మనీ ప్లాంట్ తీగలు ట్యూబులో వారాలు ఉంటాయి, స్నేక్ ప్లాంట్ ఆకు నీళ్లు లేకున్నా వారం నిలబడుతుంది. గన్నేరు, డైఫెన్‌బాకియా పిల్లలు తిరిగే ఇంట్లో వాడకండి, రెండూ విషమే.

ఈసారి మీరు మే నెలాఖరులో చేస్తున్నారు కాబట్టి ఇంకో మాట. ఆ రోజుల్లో ఇళ్లలో బెంగళూర, బంగినపల్లి మగ్గబెడుతుంటారు. మగ్గే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ గాలికి ఆర్కిడ్లు తొందరగా వాడి రాలిపోతాయి. మామిడి గంపలున్న గదిలో అమరిక పెట్టకండి.

ఎండు భాగమంతా ఇంట్లోనే ముందు రోజు బిగించి, పువ్వులు వేడుక జరిగే చోటికి వెళ్లాకే పెట్టండి. పువ్వుల మీద నీళ్లు చల్లాలనుకుంటే గుచ్చక ముందే చల్లి దులపండి. అమర్చాక స్ప్రే బాటిల్ ముట్టుకోవద్దు. ఇప్పుడు మీ దగ్గర బూజు పట్టిన కాడలున్నాయి కదా, ఆ భాగం కోసేసి, మిగతాది సర్జికల్ స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, గంటసేపు ఎండ చూపించండి. ఆకులు బాగున్నవి మళ్లీ వాడుకోవచ్చు. అట్టపెట్టెలో పేపర్ల మధ్య సర్ది, రెండు నాఫ్తలీన్ గోళీలు, కొన్ని సిలికా జెల్ పొట్లాలు వేసి అటక మీద పెట్టండి. వంటింటి అటక మాత్రం కాదు, ఆవిరికి మళ్లీ మెత్తబడతాయి.