కొత్త బడిలో సేవా గంటలు: ఒకేసారి ముగించాలా, ఏడాది పొడవునా చేయాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్ నుంచి అమెరికాలోని మేరీల్యాండ్‌కు వచ్చాము. మా అబ్బాయి మాంట్‌గొమరీ కౌంటీలోని ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతిలో చేరాడు. మార్కులకు లోటు లేదు కానీ ఎవరితోనూ కలవడు. సమాజ సేవ గంటలు పూర్తి చేయనిదే డిప్లొమా రాదంటున్నారు. వేసవిలో ఒకేసారి ముగించి, మిగిలిన సమయమంతా కాలేజీ ప్రవేశ పరీక్ష అయిన ఎస్‌ఏటీకి కేటాయిస్తే మేలు కాదా? – ఒక తల్లి

జవాబు: ముందుగా నిబంధన సంగతి. హైస్కూల్ పట్టాకు సేవను తప్పనిసరి చేస్తూ మేరీల్యాండ్ విద్యా మండలి 1992లో నిర్ణయం తీసుకుంది. 1997లో చదువు ముగించిన బ్యాచ్ నుంచి అది అమలులోకి వచ్చింది. మీ కౌంటీలో మొత్తం 75 గంటలు చేయాలి. అయితే ఆరో తరగతి నుంచే మొదలుపెట్టే వీలున్న ఈ గంటలను, మీ అబ్బాయిలా మధ్యలో వచ్చి చేరినవారికి చేరిన తరగతిని బట్టి తగ్గిస్తారు. కొన్ని పాఠ్యాంశాలలో భాగంగా కూడా కొన్ని గంటలు జమ అవుతాయి. కనుక మీ అబ్బాయికి నిజంగా ఎన్ని మిగిలాయో బడిలోని సేవా కార్యక్రమ సమన్వయకర్తను అడిగి తెలుసుకోవాలి. మీరు ఈమెయిల్ రాయకండి, అతన్నే వెళ్లి అడగనివ్వండి. కొత్త బడిలో ఒక పెద్దమనిషి గది తలుపు తట్టి తన పని తాను చక్కబెట్టుకోవడం అతనికి అవసరమైన మొదటి అభ్యాసం.

వేసవిలో గంటలు ముగించవచ్చు, కాగితం మీద లెక్కా సరిపోతుంది. కానీ మీరు ప్రస్తావించిన రెండో సమస్య, అంటే ఎవరితోనూ కలవకపోవడం, అలాగే మిగిలిపోతుంది. నా సలహా ఏమిటంటే, ఒకే చోట, వారానికి రెండు మూడు గంటల చొప్పున, కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు పని చేయించండి. తరగతి గదిలో కొత్తవాడిని తోటివారు ఉచ్చారణను బట్టి, వేసుకున్న బట్టలను బట్టి అంచనా వేస్తారు. సేవ చేసే చోట మాత్రం ఇచ్చిన పనిని బట్టి చూస్తారు, మాట్లాడవలసిన కారణం కూడా ఆ పనే కల్పిస్తుంది.

మీ కౌంటీలోని మన్నా ఫుడ్ సెంటర్ వంటి ఆహార పంపిణీ కేంద్రాన్నే తీసుకోండి. రక్తపోటు ఉన్న ఒక పెద్దావిడ రెండు బీన్స్ డబ్బాలు చేతిలో పట్టుకుని వీటిలో ఉప్పు తక్కువ ఏదని అడిగితే, చీటీ మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చదివి, ఆమెకు వినిపించేలా, అర్థమయ్యేలా చెప్పాలి. అర నిమిషం పనే. కానీ అపరిచితులతో ఇంగ్లిషులో మాట్లాడే బెరుకు అలాంటి అర నిమిషాల తోనే క్రమంగా వదులుతుంది. పెట్టెలు సర్దే పని మాత్రమే దొరికే చోటు కంటే మనుషులతో మాట్లాడవలసి వచ్చే చోటు మీ అబ్బాయికి మంచిది. గ్రంథాలయంలో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పడం కూడా బాగా నప్పుతుంది, ముఖ్యంగా అతనికి లెక్కలు బాగా వస్తే.

మన కుటుంబాలలో తరచుగా కనిపించే ఒక అలవాటును ఇక్కడ చెప్పక తప్పదు: తెలిసినవారి సంస్థలో పేరు రాయించి, తల్లిదండ్రులే ఫారం నింపి సంతకం తెచ్చేస్తారు. సొంత తల్లిదండ్రుల పర్యవేక్షణలో చేసినదీ, జీతం తీసుకున్నదీ లెక్కలోకి రావు. గుడిలో చేసే సేవ కూడా అన్ని సందర్భాలలోనూ చెల్లదు కాబట్టి ముందే అడగడం మంచిది. అంతకు మించి, అలా తెచ్చిన గంటల గురించి పిల్లవాడు ఎవరితోనూ రెండు నిమిషాలు మాట్లాడలేడు.

ఎస్‌ఏటీ విషయానికి వస్తే, శనివారం ఉదయం మూడు గంటలు పోయినంత మాత్రాన స్కోరు పడిపోదు. కాలేజీ దరఖాస్తులకు ఎక్కువ మంది వాడే కామన్ యాప్‌లో 10 కార్యక్రమాల వరకు రాయవచ్చు. ఒక్కో దాని వివరణకు దక్కేది 150 అక్షరాలే, అయితే వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది విడిగా అడుగుతారు. ఏడాదంతా ఒకే చోట నిలిచిన విద్యార్థి, పది చోట్ల ముఖం చూపించిన విద్యార్థి అక్కడే వేరుగా కనిపిస్తారు.

పని ముగిసిన రోజున ఆ రోజు ఏమి చేశాడో, ఏది ఇబ్బంది అనిపించిందో తెలుగులోనైనా సరే నాలుగు వాక్యాలు నోటుపుస్తకంలో రాసుకోమనండి. సేవ తరువాత సమీక్ష కూడా ఈ రాష్ట్ర కార్యక్రమంలో ఒక దశే, కాబట్టి ఫారం నింపే వేళ ఆ వాక్యాలు నేరుగా పనికివస్తాయి.