చచ్చేవి తక్కువే, మరి ఈ కోళ్లు ఎందుకు కూలబడుతున్నాయి?

సందేహం: నాది 4 వేల బ్రాయిలర్ల షెడ్. ఇప్పుడున్న బ్యాచ్ వయసు 32 రోజులు. రోజుకు అయిదారు మాత్రమే చనిపోతున్నాయి, కానీ చాలా కోళ్లు లేవకుండా కూర్చునే ఉంటున్నాయి. బరంపురం వ్యాపారి కాళ్ల మీద మచ్చలున్నాయని కొన్నింటిని పక్కన పెట్టేస్తున్నాడు. సూపర్‌వైజరేమో కోళ్లు ప్రశాంతంగా ఉన్నాయంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక రైతు, కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ప్రశాంతంగా లేవండీ, నొప్పితో ఉన్నాయి. కోడి నొప్పిని అరిచి చెప్పదు. గద్దకో పిల్లికో దొరికిపోకుండా దాచుకోవడం దాని స్వభావం. బ్రిస్టల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధనలో కోళ్ల ముందు రెండు మేతలు పెట్టి, ఒకదాంట్లో నొప్పి మందు కలిపారు. కుంటు ఎంత ఎక్కువుంటే, ఆ కోడి మందున్న మేత అంత ఎక్కువ తిన్నది. (ఇది చదివి మీ మేతలో పెయిన్ కిల్లర్ కలపకండి, మాంసంలోకి వస్తుంది.)

ఇవాళే ఓ పది కోళ్లను ఎత్తి చూడండి. అరికాలి కింద నల్లగా పెచ్చు కట్టిందా? కాలి కీలు వెనక గోధుమరంగు మచ్చ ఉందా? అవి షెడ్ నేల మీద పరిచిన ఊక తడిస్తే, అందులో పుట్టే అమోనియా అనే ఘాటు వాయువు కాల్చిన పుళ్లు. నెల తిరిగేసరికి ఒంటి బరువు పెరిగిపోతుంది, కాళ్లకు అంత బలం రాదు. అందుకే కూర్చుంటుంది, కూర్చున్నకొద్దీ కాలుతుంది. కీలు వాచి వేడిగా ఉంటే మాత్రం అది వేరే జబ్బు, రెండు కోళ్లను పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పిడికెడు ఊక గట్టిగా పిసికి వదలండి. ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువైనట్టే. తర్వాత కోడి ఎత్తుకు వంగి ఒక్క నిమిషం గాలి పీల్చండి, కళ్లు మండుతాయి. మీకు అలవాటైపోయి తెలియకపోతే ఇంట్లో ఎవరినైనా వంగమనండి. మనం నిలబడి పీల్చే గాలి వేరు, అవి 24 గంటలూ పీల్చేది వేరు.

నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టాల మొనలు) కింద గడ్డకట్టిన ఊక తీసేసి పొడి ఊక వేయండి. కోడి మెడ చాచి తాగేలా నిపుల్స్ పైకి లేపండి, కారేవి మార్చండి. ఉద్దానం వానలకు భయపడి షెడ్ పక్కల పరదాలు పూర్తిగా మూసేస్తారు. పైన ఒక అడుగు వదిలితే చాలు, వాసన పోతుంది. సున్నం చల్లమని ఎవరైనా చెబుతారు, వినకండి. తడి ఊక మీద సున్నం పడితే అమోనియా ఇంకా లేస్తుంది.

వచ్చే బ్యాచ్‌లో మొదటి వారం దాటాక రాత్రి ఆరు గంటలు లైట్లు ఆపండి. చదరపు అడుగుకు ఒక కోడికి మించి వేయొద్దు. ఉక్కపోత రోజుల్లో ఇంకాస్త పలచగా వేయండి.

నీళ్ల దాకా దేక్కుంటూ కూడా పోలేని కోడిని మూలన వదిలేయకండి. అది చచ్చేది జబ్బుతో కాదు, దాహంతో. పశువైద్యుడిని అడిగి త్వరగా, బాధ లేకుండా ముగించండి.

లోడింగ్ రోజు మీరు పక్కనే ఉండండి. ఒక్క రెక్క పట్టి ట్రేలోకి విసిరితే ఎముక విరుగుతుంది, ఒంటికాలు పట్టి లాగితే తుంటి జారుతుంది. లైటు తగ్గించి, ఒళ్లు రెండు చేతులతో పట్టుకోమని చెప్పండి. కోళ్లు పట్టే గ్యాంగుకు గంట ఆలస్యమైతే అవుతుంది.