బీరువాతో పౌడర్ కోటింగ్ ఓవెన్ కడుతున్న అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పాసై ఏడాదైంది. అప్రెంటిస్‌గా చేరమంటే వినకుండా, పెరట్లో రేకుల షెడ్డులో పాత ఇనుప బీరువాతో పౌడర్ కోటింగ్ ఓవెన్ తయారు చేస్తున్నాడు. ఇనుము మీద రంగు పొడి కొట్టి, ఓవెన్‌లో వేడికి కరిగించి గట్టిపడేలా చేసే పని అది. రెండేసి కిలోవాట్ల హీటర్లు మూడు పెట్టాడు. ఆన్ చేస్తే ఇంట్లో ఎంసీబీ పడిపోతోంది. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. బైకు వీల్స్‌కి, కిటికీ గ్రిల్స్‌కి కోటింగ్ వేసి బతుకుతానంటాడు. మాన్పించమంటారా? - ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి. అయితే ఇప్పుడున్న పద్ధతిలో ఇంకొక్కసారి కూడా ఆన్ చేయనివ్వకండి.

ముందు కరెంటు సంగతి. మూడు హీటర్లూ కలిపి 6 కిలోవాట్లు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద అది 26 ఆంపియర్లు లాగుతుంది. గీజర్‌కి వాడే పెద్ద ప్లగ్గు కూడా 16 ఆంపియర్లకే. ఎంసీబీ పడిపోతోందంటే అది మీ ఇంటిని కాపాడుతోందని అర్థం. విసుగొచ్చి దాని స్థానంలో పెద్దది వేస్తే గోడలోని వైరు కాలుతుంది. త్రీఫేజ్ తీసుకుని ఫేజుకొక హీటరు చొప్పున పంచితే ఒక్కోదాని మీద 9 ఆంపియర్ల లోపే పడుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, బీరువాకి ఎర్తింగ్ తప్పనిసరి. పైగా ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడపకూడదు.

మీ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: 'ఎస్ఎస్ఆర్ పాడైతే ఓవెన్ ఆగుతుందా?' టెంపరేచర్ కంట్రోలర్ చెప్పినట్టు హీటర్లను ఆన్, ఆఫ్ చేసే భాగం అది. పాడైనప్పుడు చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. డిస్‌ప్లేలో 200 సెట్ చేసి ఉన్నా లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది. అందుకే వేరే సెన్సర్‌తో పనిచేస్తూ, 230 డిగ్రీలు దాటగానే కాంటాక్టర్‌ని (హీటర్లకి వెళ్లే కరెంటుని కలిపే, తెంచే పెద్ద స్విచ్) కట్ చేసే రెండో కటాఫ్ ఉండాలి. అది ముందే పెట్టి ఉంటే మీ అబ్బాయి పని తెలిసినవాడే. లేకపోతే అది పెట్టేదాకా స్విచ్ ముట్టుకోవద్దనండి.

పౌడర్ కొట్టే చోటు ఓవెన్ పక్కనే ఉండకూడదు. గాల్లో దట్టంగా లేచిన పౌడర్ నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. స్ప్రేకి వేరే బూత్, ఫిల్టర్‌తో ఎగ్జాస్ట్, మొహానికి మంచి మాస్కు కావాలి. గ్యాస్ బర్నర్ పెడతానంటే మాత్రం ఈ దశలో గట్టిగా వద్దనండి.

బీరువా ఎంచుకోవడం తెలివైన పనే. అరలు తీసేస్తే లోపలి పెట్టె సిద్ధంగా ఉన్నట్టే. కానీ దాని పాత రంగంతా గీకేయాలి, లేకపోతే వేడికి పొగలు కక్కుతుంది. వేడి బయటికి పోకుండా చుట్టూ నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు), దాని మీద జీఐ రేకు చుట్టాలి. తలుపు అంచుకి రబ్బరు కాకుండా గ్లాస్ ఫైబర్ తాడు పెట్టాలి. పాత సామాన్ల కొట్టులో చవగ్గా దొరికే ఆస్‌బెస్టాస్ తాడు జోలికి పోవద్దు, దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి తిప్పే ఫ్యాను లోపల, దాని మోటారు బయట ఉండాలి. ఫ్యాను లేకపోతే పైన ఉడికిపోయి కింద పచ్చిగా మిగులుతుంది.

ఇక లెక్క. ఇది అబ్బాయితో కూర్చుని చేయండి, మీకూ తెలుస్తుంది. కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 0.49 కిలోజౌళ్లు కావాలి. 20 కిలోల గ్రిల్‌ని 30 నుంచి 200 డిగ్రీలకి తేవడానికి 1,666 కిలోజౌళ్లు, అంటే అర యూనిట్ కరెంటు కూడా కాదు. బీరువా 40 కిలోలుందనుకుంటే అది వేడెక్కడానికే దగ్గర దగ్గర ఒక యూనిట్. గ్రిల్ కంటే పెట్టే రెండింతలు తింటోందన్నమాట! పొద్దున ఒక వీల్, సాయంత్రం ఒక వీల్ పెడితే ప్రతిసారీ ఆ పెట్టెని కొత్తగా వేడి చేయాల్సిందే. ఆర్డర్లు పోగు చేసి, ఓవెన్ చల్లారకుండా వరసగా కాల్చినవాడికే నాలుగు డబ్బులు మిగులుతాయి.

అసలైన చదువు దీని తర్వాత మొదలవుతుంది. పౌడర్ డబ్బా మీద '200 డిగ్రీలు, 10 నిమిషాలు' అని ఉంటే అది సాధారణంగా లోహం వేడి గురించి, గాలి వేడి గురించి కాదు. డిస్‌ప్లే చూపించేది గాలి వేడి. గ్రిల్‌లో సన్నటి పట్టీ తొందరగా 200 అందుకుంటుంది, అదే గ్రిల్‌కి వెల్డింగ్ చేసిన లావు బోల్టు అప్పటికింకా వెనకబడే ఉంటుంది. ఆ బోల్టు దగ్గర పౌడర్ మెరుస్తూ కనిపిస్తుంది కానీ పూర్తిగా గట్టిపడదు, కొన్నాళ్లకే పెచ్చులూడుతుంది. వేడిని కొలిచే తీగ సెన్సర్, అంటే కె-టైప్ థర్మోకపుల్ ఒకటి పట్టీకి, ఒకటి బోల్టుకి బిగించి, రెండు నిమిషాలకోసారి రీడింగులు నోటుబుక్కులో రాయమనండి. బోల్టు 200 చేరిన దగ్గర్నుంచి పది నిమిషాలు లెక్కపెట్టాలి. అలా వేర్వేరు మందాలకి గ్రాఫులు గీసిన నోటుబుక్కు ఉంటే, ఫిట్టర్ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకెళ్లినవాడి కంటే ఇంటర్వ్యూలో మీవాడి మాటకే బరువెక్కువ.

అయినా సరే, వెంటనే సొంత షాపు వద్దంటాను. కోటింగ్ ఊడిపోయిందని గొడవ వచ్చే చోట చాలావరకు తప్పు ఓవెన్‌ది కాదు, పౌడర్ కొట్టకముందు చేయాల్సిన శుభ్రతది. నూనె జిడ్డు తీయడం, తుప్పు తీయడం, రంగు బాగా పట్టేలా ఫాస్ఫేట్ పొర ఎక్కించడం (ఫాస్ఫేటింగ్), మధ్యమధ్యలో నీళ్లలో కడగడం, ఆరబెట్టడం, ఇదంతా వరస తప్పకుండా జరగాలి. అల్యూమినియం వీల్స్‌కి పద్ధతే వేరు. ఈ పని వీడియో చూస్తే రాదు, ఆ కెమికల్ తొట్ల దగ్గర నిలబడాలి. ఆ కెమికల్ నీళ్లని పెరట్లో, కాలువలో పారబోయడానికీ వీల్లేదు, పొల్యూషన్ బోర్డు అనుమతులుంటాయి. ఇళ్ల మధ్య ఇది నడిచే పని కాదని మీకూ అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి విజయవాడ ఆటోనగర్ వైపో, హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి వైపో కోటింగ్ యూనిట్‌లో ఒక ఏడాది పని చేయనివ్వండి. జీతం తక్కువైనా బేరమాడొద్దు. 'ముందు ఆరు నెలలు ప్రీట్రీట్‌మెంట్‌లో (పైన చెప్పిన శుభ్రత పనిలో) వేయండి' అని అబ్బాయినే అడగమనండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేయించండి. పెరట్లో ఓవెన్ ఎక్కడికీ పోదు, సెలవుల్లో వచ్చి దాని మీద ప్రయోగాలు చేసుకోవచ్చు.

ఆ ఏడాది తర్వాత దారులు చాలా ఉన్నాయి. ఓవెన్ కట్టడమే ఎక్కువ ఇష్టమైతే ఇండస్ట్రియల్ ఓవెన్లు తయారుచేసే సంస్థలున్నాయి. నా దృష్టిలో మీవాడికి సరిగ్గా నప్పేది ఇదే, ఎందుకంటే రంగు కంటే ముందు పెట్టె మీదకే మనసు పోయింది. చదువు మీద ఆసక్తి ఉంటే ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలోకి, డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. పౌడర్ తయారుచేసే జోటున్, అక్జోనోబెల్ లాంటి కంపెనీల టెక్నికల్ సర్వీసుకి ఆ డిగ్రీ, తొట్ల దగ్గర అనుభవం రెండూ పనికొస్తాయి.

సొంత షాపే కావాలంటే అప్పుడు కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద రుణం చూడండి. సేవా రంగంలో ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల దాకా, తయారీ రంగంలో 50 లక్షల దాకా ఒప్పుకుంటారు. కేటగిరీని, ఊరిని బట్టి 15 నుంచి 35 శాతం సబ్సిడీ ఉంటుంది. ఇది కొత్త యూనిట్లకే కాబట్టి దరఖాస్తుకి ముందే షాపు తెరిచేయొద్దు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరడిగినా డబ్బులివ్వకండి.

ప్రస్తుతానికి ఊళ్లోవాళ్ల బైకు వీల్స్ మాత్రం తీసుకోవద్దని చెప్పండి. వీల్ మీద మనిషి ప్రాణం ఉంటుంది, అల్లాయ్‌ని ఎక్కువ వేడి చేస్తే బలం తగ్గే ప్రమాదం ఉంది. మీ ఇంటి గేటు గొళ్లెం, పూలకుండీ స్టాండు, పాత కుర్చీ ఫ్రేము లాంటివాటితో మొదలుపెట్టమనండి. ఆరుబయట ఉండేవాటికి ఎపాక్సీ రకం పౌడర్ వద్దు, ఎండకి వెలిసిపోతుంది. పాలియెస్టర్ పౌడర్ కొనమనండి.