విల్లులో ఎగ్జిక్యూటర్ల పేర్లు మార్చాలంటే

ప్రశ్న: మా నాన్నగారికి 82, అమ్మకు 77. మారేడుపల్లిలో సొంతింట్లో ఉంటున్నారు. 2009లో ఇద్దరూ విడివిడిగా విల్లులు రాసి రిజిస్టరు చేయించారు. రెండింట్లోనూ ఎగ్జిక్యూటర్లు, అంటే రాసినవారి తర్వాత విల్లును అమలు చేసేవాళ్లు, మా బాబాయి, నాన్నగారి ఆఫీసు స్నేహితుడు. ఆ స్నేహితుడు పోయారు. బాబాయికి పక్షవాతం వచ్చి మంచం దిగలేకపోతున్నారు. నాన్నగారు "పేర్లు మార్చేద్దాం, నువ్వే చూసుకో అమ్మా" అంటున్నారు. అమ్మకు ఈమధ్య మతిమరుపు మొదలైంది. డాలస్‌లో ఉన్న అన్నయ్యేమో "ఇప్పుడవన్నీ కదపడం ఎందుకు" అంటున్నాడు. ఒరిజినల్ విల్లులు బాబాయి ఇంట్లో ఉన్నాయి. పిన్నిని అడగాలంటే మొహమాటంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నిటికన్నా ముందు చూడాల్సింది అమ్మగారి మతిమరుపు. నాన్నగారి పని నెల ఆగినా నష్టం లేదు. అమ్మగారి విషయంలో ప్రతి నెలా విలువైనదే. కాబట్టి ఈ వారమే ఆమెను న్యూరాలజిస్టుకో, సైకియాట్రిస్టుకో చూపించండి. మతిమరుపు ఉన్నంత మాత్రాన విల్లు రాసే హక్కు పోదు. తనకు ఏమేం ఆస్తి ఉంది, తన పిల్లలెవరు, ఎవరికి ఏమిస్తోంది, ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుంది, ఇవి ఆ సమయానికి ఆమెకు తెలిస్తే చాలు. పొద్దున తిన్న టిఫినేమిటో గుర్తులేకపోయినా, ఇల్లు ఎవరి పేరున ఉందో, కొడుకు ఎక్కడున్నాడో, మరిది ఎందుకు ఈ పని చేయలేడో చెప్పగలిగితే ఆ సంతకం నిలబడుతుంది. డాక్టరు రాసిచ్చే కాగితంలో "మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారు" అన్న ఒక్క ముక్క చాలదు. ఏం అడిగారో, ఆమె ఏం చెప్పారో రెండు మూడు వాక్యాలైనా ఉండాలి. సంతకం రోజుదే అయితే మరీ మంచిది. డాక్టరుగారే సాక్షిగా కూడా సంతకం పెట్టడానికి ఒప్పుకుంటే అంతకన్నా బలం ఇంకొకటి లేదు.

ఇక మార్చే పద్ధతి. బతికున్నంత కాలం, తెలివి ఉన్నంత కాలం, ఎవరి విల్లును వారు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పాత ఎగ్జిక్యూటర్ అనుమతి అక్కర్లేదు, ఆయన సంతకమూ అక్కర్లేదు. అయితే పాత విల్లు తీసి, బాబాయి పేరు మీద గీత కొట్టి, పక్కన మీ పేరు రాసి పొట్టి సంతకం పెట్టడం మాత్రం చేయకండి. చాలామంది ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. సంతకాలయ్యాక చేసిన కొట్టివేతలు, చేర్పులు చెల్లాలంటే వాటికీ విల్లుకు పట్టినట్టే సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి. లేకపోతే పాత పేరే ఉన్నట్టు లెక్క, పైగా ఆ కాగితం మీద అనుమానం మిగులుతుంది.

దారులు రెండున్నాయి. ఒకటి కోడిసిల్, అంటే పాత విల్లును అలాగే ఉంచి అందులో ఒక అంశాన్ని మార్చే చిన్న దస్తావేజు. రెండోది, పాతదాన్ని రద్దు చేస్తూ పూర్తిగా కొత్త విల్లు. నాన్నగారికి కొత్త విల్లు, అమ్మగారికి కోడిసిల్ మేలని నా అభిప్రాయం. నాన్నగారు తెలివిగా ఉన్నారు. 2009 నుంచి బ్యాంకు డిపాజిట్లు మారి ఉంటాయి, అప్పటి సాక్షులు ఇప్పుడు ఉన్నారో లేరో. ఆయన అన్నీ సరిచూసి కొత్తగా రాసుకోవచ్చు. అమ్మగారు కొత్త విల్లు రాస్తే మాత్రం, రేపు ఎవరైనా ఆమె మతిమరుపు మాట ఎత్తినప్పుడు, వాటాలతో సహా ప్రతి పేరా మీదా వాదన నడుస్తుంది. కోడిసిల్ అయితే వాదన ఎగ్జిక్యూటర్ పేరు దగ్గరే ఆగుతుంది. ఒకవేళ కోర్టు దాన్ని కొట్టేసినా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసిన 2009 విల్లు చెక్కుచెదరదు.

కోడిసిల్ ఒక్క పేజీ చాలు. ఇలా ఉండాలి: "నేను ఫలానా తేదీన రాసి, ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫలానా నంబరుతో రిజిస్టరు చేయించిన విల్లులో ఎగ్జిక్యూటర్లుగా పెట్టిన ఇద్దరిలో ఒకరు మరణించారు, ఒకరు అనారోగ్యంతో ఉన్నారు. వారి నియామకం రద్దు చేసి ఫలానా వారిని నియమిస్తున్నాను. వారు నాకన్నా ముందు పోయినా, చేయలేకపోయినా, చేయనన్నా ఫలానా వారు చేయాలి. విల్లులోని మిగతా అంశాలన్నీ యథాతథంగా ఉంటాయని మళ్లీ ధ్రువీకరిస్తున్నాను." ఆ ప్రత్యామ్నాయం పేరు 2009లోనే రాసి ఉంటే ఇవాళ ఈ బెంగ ఉండేది కాదు. ఇద్దరిని పెడితే "కలిసి గానీ, విడివిడిగా గానీ" అన్న మాట తప్పకుండా రాయించండి. అది లేకపోతే కొన్ని బ్యాంకులు ఇద్దరి సంతకాలూ ఒకేసారి కావాలని కూర్చోబెడతాయి.

అమ్మగారు తెలుగే చదువుతారా? అయితే కోడిసిల్ తెలుగులోనే రాయించండి. సిటీలో లాయర్లు అలవాటుగా ఇంగ్లీషులో టైపు చేయిస్తారు. రేపు కోర్టులో మొదటి ప్రశ్న "ఆమెకు ఇంగ్లీషు వచ్చా?" అనే. ఇక చెయ్యి వణికితే ఎడమ బొటనవేలి ముద్ర చెల్లుతుంది. ముద్ర పక్కన, చదివి వినిపించింది ఎవరో రాయాలి.

సాక్షులు కనీసం ఇద్దరు. ఆమె సంతకం పెడుతుండగా చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆమె నోటి వెంట వినాలి. తర్వాత ఆమె ఎదుటే వాళ్లూ పెట్టాలి. కాగితం పక్కింటికి పంపి సంతకం చేయించుకు రావడం కుదరదు. సాక్షుల్లో ఒకరైనా తర్వాత కోర్టుకొచ్చి చెప్పాల్సి రావచ్చు కాబట్టి, తల్లిదండ్రులకన్నా వయసులో బాగా చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను, ఆస్తిలో ఏమీ రానివాళ్లను ఎంచుకోండి.

విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. కానీ పాతవి రిజిస్టరైనవి కాబట్టి కొత్తవీ చేయించండి. చట్టం ప్రకారం రిజిస్టరు కాని తర్వాతి విల్లు కూడా పాతదాన్ని రద్దు చేయగలదు. అయినా చేతిలో రెండు కాగితాలు ఉన్నప్పుడు బ్యాంకు వాళ్లు రిజిస్టరైనదాన్నే నమ్ముతారు. అమ్మానాన్నలు ఆఫీసుకు రాలేని స్థితిలో ఉంటే డాక్టరు సర్టిఫికెట్‌తో అర్జీ పెడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి చేస్తారు. ఆ వివరాలు బయటికి పొక్కుతాయన్న భయం వద్దు. రాసినవారు బతికుండగా వారికో, వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు.

ఇప్పుడు మీ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నాన్నగారు "నువ్వే చూసుకో" అన్నారని లాయరును మీరు మాట్లాడి, ఫీజు మీరు కట్టి, కాగితం మీరు టైపు చేయించి, సంతకం వేళ అమ్మ పక్కన కూర్చుంటే, రేపు మంచి మనసుతో చేసిన ఆ పనులే మీకు ఎదురు తిరుగుతాయి. లబ్ధి పొందేవారు విల్లు తయారీలో ముందుండి నడిపిస్తే దాన్ని అనుమానంగా చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. లాయరుతో నాన్నగారే ఫోన్లో మాట్లాడాలి, ఫీజు ఆయన ఖాతాలోంచే పోవాలి. మీరు కారులో దింపి రండి, గదిలోకి వెళ్లకండి. వీడియో తీస్తే అమ్మగారిని తనంతట తనే మాట్లాడనివ్వాలి, వెనకనుంచి అందించకూడదు.

వాటా ఉన్న వ్యక్తి ఎగ్జిక్యూటర్‌గా ఉండటం తప్పేమీ కాదు. మీ పేరొక్కటే పెట్టించుకోకండి, అంతే. మీరూ అన్నయ్యా ఇద్దరూ ఉండి, విడివిడిగా సంతకం పెట్టే వీలుంటే, ఊళ్లో తిరిగే పని మీది, లెక్క చూసే హక్కు ఆయనది అవుతుంది. ఆయన ఒక్కరే అయితే ప్రతి చిన్నదానికీ అమెరికా నుంచి పవరాఫ్ అటార్నీ పంపాలి. ఇద్దరి మధ్య ఇప్పటికే మాటలు తక్కువగా ఉంటే మూడో మనిషిని, ఇద్దరికీ నమ్మకమైన పెద్దమ్మ కొడుకునో, లాయరునో పెట్టడం మంచిది.

అన్నయ్య "కదపొద్దు" అన్న మాట వెనక వాటాలు మారతాయేమోనన్న భయం ఉండొచ్చు. వాటాలు మారవన్న మాట మీరు చెప్పకండి. నాన్నగారే వీడియో కాల్లో, మొదటి వాక్యంగా చెప్పాలి: "వాటాలు ఏవీ మారడం లేదురా. పని చూసేవాళ్ల పేర్లు మాత్రమే మారుస్తున్నాం." సంతకాలకు ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే ఎంత న్యాయమైనదైనా దాచినట్టే అనిపిస్తుంది.

అమ్మగారు ఇక అర్థం చేసుకోలేరని డాక్టరు చెబితే ఆమె సంతకం కోసం ప్రయత్నించవద్దు. ఎగ్జిక్యూటర్ లేనంత మాత్రాన విల్లు చెడిపోదు. ఆమె తదనంతరం విల్లు జతచేసి, లబ్ధిదారుల్లో ఒకరిని నిర్వాహకుడిగా నియమించమని కోర్టును అడగవచ్చు. బాబాయి కూడా తాను చేయలేనని రాసివ్వవచ్చు. ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది, కానీ ఆమె ఇచ్చినది ఇచ్చినట్టే ఉంటుంది.

బ్యాంకు, ఇన్సూరెన్సు, షేర్ల నామినీలు దీనితో మారవు, అవి విడిగా చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు నామినీ అంటే వాటిని చేతికి తీసుకునే మనిషే, సొంతదారు కాదు.

పిన్ని సంగతి. ఒరిజినల్స్ అడగడానికి మీరు వెళ్తే "మమ్మల్ని పక్కన పెట్టారు" అనిపిస్తుంది. అన్నగా నాన్నగారు వెళ్లాలి, లేదా బాబాయికి ఫోన్ చేయాలి. "ఇన్నాళ్లూ నీ మీద భారం వేశాను, ఇక నువ్వు విశ్రాంతి తీసుకో, ఆ కాగితాలు పిల్లలకు ఇచ్చెయ్" అంటే ఆ మాటకు గౌరవం ఉంటుంది. ఆ రోజు పిన్నికి కూడా ఒక పూట ఊరట దొరికేలా మీరు బాబాయి దగ్గర కూర్చోండి. కాగితాలు తీసుకున్నాక వాటికి కోడిసిల్ జతచేసి ఒకే కవరులో ఉంచండి. ఒకవేళ దొరకలేదంటే కంగారు పడకండి. నాన్నగారు, అమ్మగారు ఎవరి విల్లుకు వారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. కోడిసిల్‌కు కావలసిన తేదీ, నంబరు అందులోనే ఉంటాయి.